మధ్య పేరులో అమ్మ పుట్టిల్లు

జాన్ గ్రబ్ రిచర్డ్‌సన్ అనే పేరు చూడండి. ఐర్లండ్‌లో లినెన్ బట్టల వ్యాపారి, 1813లో పుట్టాడు. జాన్ అతని పేరు, రిచర్డ్‌సన్ ఇంటిపేరు. మరి మధ్యలో ఈ గ్రబ్ ఎవరు? అది వాళ్ళ అమ్మ పుట్టింటి పేరు. ఆవిడ ఆనా గ్రబ్, టిప్పరరీ జిల్లాలో పిండిమరలు నడిపే కుటుంబం అమ్మాయి. వాళ్ళ నాన్న పేరు జేమ్స్ నికల్సన్ రిచర్డ్‌సన్. అక్కడ నికల్సన్ కూడా ఇంటిపేరే. జాన్ తన కొడుక్కి మళ్ళీ జేమ్స్ నికల్సన్ అనే పెట్టుకున్నాడు.

డీబీఎంఎస్ పేపర్ రాసిన వాళ్ళకి ఈపాటికి లైటు వెలిగి ఉంటుంది. ఇది అచ్చంగా ఫారిన్ కీ. ఒక టేబుల్‌లోని వరస ఇంకో టేబుల్ వైపు వేలు చూపించినట్టు, ఒక మనిషి పేరు మధ్యలో ఉన్న మాట ఇంకో కుటుంబం వైపు వేలు చూపిస్తుంది.

మా మినీ ప్రాజెక్టు వంశవృక్షాల మీద. అందరూ రాజుల వంశాలు తీసుకుంటారు కదా, మనం వేరేది తీసుకుందాం అనుకున్నాను. అంతకుముందే మార్కోనీ గురించి చదువుతున్నప్పుడు, అతని రేడియో కంపెనీకి మొదటి డబ్బు వాళ్ళ అమ్మ తరఫు ఐరిష్ విస్కీ కుటుంబం వైపు నుంచి వచ్చిందని తెలిసింది. ఒక సారాయి బట్టీకి, రేడియోకి మధ్య ఒక పెళ్ళి ఉందన్నమాట. ఆ దారం పట్టుకుని లాగితే పంతొమ్మిదో శతాబ్దం ఐర్లండ్ వ్యాపారులందరూ ఒకరి వెనక ఒకరు బయటికొచ్చారు. మార్కోనీ సంగతి తర్వాత చెప్తాను, ముందు మిగతావాళ్ళు.

వాళ్ళ పెళ్ళిళ్ళు ఎందుకంత లెక్కగా జరిగేవో అర్థం కావాలంటే అప్పటి వ్యాపారం ఎలా నడిచేదో తెలియాలి. ఇప్పుడు మనం స్టార్టప్ పెట్టి మునిగిపోతే కంపెనీ మునుగుతుంది, మన ఇల్లు మునగదు. లిమిటెడ్ అనే మాటకి అర్థం అదే. మామూలు వ్యాపారులకి ఆ సౌకర్యం 1855 చట్టంతో మొదలైంది. అంతకుముందు భాగస్వామ్యం అంటే ఒకళ్ళ అప్పుకి ఇంకొకళ్ళు నిలువునా బాధ్యులు. మీ పార్ట్‌నర్ లివర్‌పూల్‌లో పిచ్చి బేరం ఒకటి చేస్తే డబ్లిన్‌లో మీ ఇల్లు, కుర్చీలు, పడక మంచం అన్నీ వేలానికి పోతాయి. అలాంటప్పుడు పార్ట్‌నర్‌గా ఎవరిని పెట్టుకుంటారు? తమ్ముడినో, బావమరిదినో, అల్లుడినో. అల్లుడు లేకపోతే అల్లుడిని తెచ్చుకుంటారు.

ఇంకోటి, ఆడపిల్లల డబ్బు. 1882లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చేదాకా, పెళ్ళి అయిన క్షణం నుంచి భార్య డబ్బు, నగలు చట్టం ప్రకారం భర్తవి. అందుకని డబ్బున్న తండ్రులు పెళ్ళికి ముందే ఒక ఒప్పంద పత్రం రాయించి, కూతురికి ఇచ్చే డబ్బుని నమ్మకస్తుల పేరు మీద పెట్టేవాళ్ళు. ఆ నమ్మకస్తులు మళ్ళీ ఎవరు? మేనమామలు, అన్నలు, బావలు. ఆ డబ్బు చాలాసార్లు ఎక్కడుండేది? కుటుంబ వ్యాపారంలోనే, వడ్డీకి. కాబట్టి ఒక పెళ్ళి అంటే ఒక మనిషి రావడమే కాదు, పెట్టుబడి కూడా వచ్చేది. ఆవిడ వితంతువై తన డబ్బు వెనక్కి అడిగితే ఆ పెట్టుబడి పోయేది కూడా. ఈ సంగతి గుర్తుంచుకోండి, పోర్ట్‌లా దగ్గర అవసరం పడుతుంది.

రిచర్డ్‌సన్లు, గ్రబ్బులు, పిమ్‌లు, బ్యూలీలు, జేకబ్‌లు, గుడ్‌బాడీలు, మాల్కమ్‌సన్లు... వీళ్ళంతా క్వేకర్లు. క్వేకర్లంటే క్రైస్తవంలోనే ఒక చిన్న శాఖ. పూజారి ఉండడు, యుద్ధం చేయరు, కోర్టులో ప్రమాణం చేయరు, చెప్పిన ధరకే అమ్ముతారు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఐర్లండ్ జనాభా 80 లక్షల పైచిలుకు ఉంటే అందులో క్వేకర్లు సుమారు 3,000 మంది. ఒక పెద్ద ఇంజినీరింగ్ కాలేజీ అంత జనం కూడా కాదు. అయినా దేశంలో పెద్ద పెద్ద పిండిమరలు, లినెన్ మిల్లులు, బిస్కెట్లు, టీ, మొదటి రైలు దారి, అన్నిట్లోనూ వీళ్ళ పేర్లే కనిపిస్తాయి. డబ్లిన్ నుంచి కింగ్స్‌టౌన్‌కి 1834లో నడిచిన ఐర్లండ్ తొలి రైలు వెనక జేమ్స్ పిమ్ ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం పోయిన వెంటనే, 1835లో, చైనాలోని కాంటన్ నుంచి నేరుగా డబ్లిన్‌కి 2,099 పెట్టెల టీ దింపింది శామ్యూల్ బ్యూలీ, అతని కొడుకు చార్లెస్. డబ్లిన్ వెళ్ళిన మన సీనియర్లెవరైనా గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో బ్యూలీస్ కేఫ్ ముందు ఫోటో దిగి ఉంటారు, ఆ పేరు ఆ కుటుంబానిదే.

ఈ 3,000 మందికి పెళ్ళి విషయంలో రెండు కట్టుబాట్లు. ఒకటి, బయటివాళ్ళని చేసుకోకూడదు. చర్చిలో పూజారి ముందు పెళ్ళి చేసుకుంటే సంఘం నుంచి వెలి. అమ్మాయి మంచిదా, అబ్బాయి మంచివాడా అన్నది అడగరు. పూజారి ముందు నిలబడ్డారా లేదా, అంతే. రెండోది, సొంత బాబాయి పిల్లలని, మేనమామ పిల్లలని, అంటే మొదటి తరం కజిన్స్‌ని కూడా చేసుకోకూడదు.

గ్రాఫ్ థియరీ భాషలో చెప్తే నోడ్‌లు తక్కువ, బయటికి ఎడ్జ్ గీయకూడదు, మరీ దగ్గరి నోడ్‌కి కూడా గీయకూడదు. ఈ రెండు షరతులు పెట్టి వదిలేస్తే ఏమవుతుంది? ఎడ్జ్‌లు దూరం దూరం వెళ్తాయి. ఉత్తరాన లిస్‌బర్న్‌లో ఉన్న లినెన్ వాళ్ళు దక్షిణాన టిప్పరరీలో ఉన్న గోధుమ పిండి వాళ్ళ దాకా పోతారు, ఎందుకంటే పక్క ఊళ్ళో ఉన్న క్వేకర్లంతా అప్పటికే చుట్టాలైపోయారు. రెండు తరాలు తిరిగేసరికి దేశమంతా ఒకటే కనెక్టెడ్ కాంపొనెంట్. జాన్ గ్రబ్ రిచర్డ్‌సన్ మొదటి భార్య హెలెనా ఎవరనుకున్నారు? టిప్పరరీలోని కాహిర్ అబీ గ్రబ్బుల అమ్మాయి. అమ్మ పుట్టింటి వంశంలోంచే కోడలు. ఆవిడ పోయాక రెండో పెళ్ళి మొయాలన్ ఊరి వేక్‌ఫీల్డ్‌ల అమ్మాయి జేన్ మారియన్‌తో. ఆ ఇల్లు కూడా క్వేకర్లదే.

అసలు అంత దూరంలో ఉన్న అబ్బాయి, అమ్మాయి ఎలా కలిసేవాళ్ళు? దానికీ ఏర్పాట్లున్నాయి. ప్రతి ఏడాదీ డబ్లిన్‌లో దేశం మొత్తం క్వేకర్ల మహాసభ జరిగేది. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు హోటళ్ళలో కాదు, చుట్టాల ఇళ్ళలో దిగేవాళ్ళు. సభలో మాట్లాడేది దేవుడి గురించి, భోజనాల దగ్గర మాట్లాడేది ఏంటో మనకి తెలియనిది కాదు. తర్వాత వాటర్‌ఫర్డ్‌లో 1798లో పెట్టిన న్యూటౌన్ స్కూల్ లాంటి సొంత బడులుండేవి. ఇక మగపిల్లలని పద్నాలుగు పదిహేనేళ్ళకి ఏ పిన్ని భర్త దుకాణంలోనో, ఏ మామయ్య మిల్లులోనో పని నేర్చుకోవడానికి పంపేవాళ్ళు. అంటే అబ్బాయి ముందు ఇంటర్న్‌షిప్‌కి వెళ్తాడు, తర్వాత పార్ట్‌నర్ అవుతాడు, మధ్యలో ఎక్కడో అల్లుడవుతాడు.

పెళ్ళి కూడా ఒక ప్రాసెస్ ప్రకారం జరిగేది. అబ్బాయి, అమ్మాయి మేము పెళ్ళి చేసుకోదలిచాం అని నెలవారీ సభలో చెప్పాలి. పెద్దవాళ్ళ ఒప్పుదల ఉందా, ఇద్దరిలో ఎవరైనా వేరేవాళ్ళకి మాట ఇచ్చారా అని సంఘం మనుషులు విచారిస్తారు. అంతా సరే అంటే ఒక రోజు అందరూ మౌనంగా కూర్చున్న సభలో ఇద్దరూ లేచి తామే మాట చెప్పుకుంటారు. మంత్రం లేదు, ఉంగరం లేదు, మేళం అసలే లేదు. చివర్లో ఒక పెద్ద పెళ్ళి పత్రం మీద అక్కడున్న వాళ్ళందరూ సంతకాలు పెడతారు. అందరూ అంటే నిజంగా అందరూ, పిల్లలతో సహా.

నాకు బాగా నచ్చిన విషయం ఇక్కడుంది. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదటి రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనాల్లో పేలుడు జరిగి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కల్లో చాలా భాగం, వీలునామాలు, వందల చర్చి పెళ్ళి పుస్తకాలు బూడిద. 1861 నుంచి 1891 దాకా లెక్కల కాగితాలని అంతకుముందే ప్రభుత్వమే పారేయించింది. అంటే ఒక దేశానికి దాదాపు వందేళ్ళ డేటా లేదు, బ్యాకప్ లేదు. కానీ క్వేకర్లు తమ రిజిస్టర్లు తమ దగ్గరే పెట్టుకున్నారు కాబట్టి అవి మిగిలాయి. ఒక్కో పెళ్ళి పత్రం కింద ఉన్న ఆ సంతకాల వరస ఇప్పుడు చరిత్రకారులకి బంగారం. ఎవరు ఎవరి పెళ్ళికి వచ్చారో, ఏ సంవత్సరం నుంచి రావడం మానేశారో కూడా అందులో కనిపిస్తుంది. క్వేకర్లు కాని కుటుంబాలకైతే పేపర్లో వచ్చిన పెళ్ళి ప్రకటనలు, సమాధుల మీద రాతలు, ఇదిగో ఈ మధ్య పేర్లు.

ఈ చుట్టరికాల వల్ల లాభం వాళ్ళ వ్యాపారానికే అనుకోకండి. 1845 తర్వాత బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువొచ్చినప్పుడు, 1846 నవంబరులో డబ్లిన్ క్వేకర్లు సహాయ సంఘం పెట్టారు. కార్యదర్శులు ఇద్దరు: జోసెఫ్ బ్యూలీ, జోనథన్ పిమ్. ఒకరు టీ కుటుంబం, ఇంకొకరు బట్టల దుకాణం కుటుంబం. న్యూయార్క్ వైపు పని చూసింది జేకబ్ హార్వీ, ఆయనా లిమరిక్ నుంచి వెళ్ళిన క్వేకరే. అప్పుడు ఈమెయిల్ లేదు, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ లేదు. ఏ ఊళ్ళో పరిస్థితి ఎలా ఉందో నమ్మకంగా ఉత్తరం రాసే మనిషి, పంపిన డబ్బు మింగకుండా గంజి కాచి పోసే మనిషి కావాలి. వ్యాపారం కోసం కట్టుకున్న నెట్‌వర్క్ అప్పుడు అలా పనికొచ్చింది. వాళ్ళ ద్వారా వెళ్ళిన సాయం సుమారు 2 లక్షల పౌండ్లు. జోసెఫ్ బ్యూలీ 1851లో చనిపోయాడు, ఆ పని భారమే ప్రాణం తీసిందని అప్పటివాళ్ళు అనుకున్నారు.

కానీ అందరూ ఒకరికొకరు చుట్టాలైతే ఒక ప్రమాదం కూడా ఉంది. వాటర్‌ఫర్డ్ జిల్లా పోర్ట్‌లాలో డేవిడ్ మాల్కమ్‌సన్ 1825లో నూలు మిల్లు పెట్టాడు. కొడుకులు, మనవల కాలానికి మిల్లు, ఓడల కంపెనీ, ఓడలు కట్టే ఇనుప కార్ఖానా, కార్మికుల కోసం ఒక ఊరు. అమెరికా అంతర్యుద్ధంలో పత్తి ఆగిపోయింది, ఓడిపోయిన దక్షిణ రాష్ట్రాల దగ్గర అప్పులు ఇరుక్కుపోయాయి. 1866లో లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే బ్యాంకు కుప్పకూలింది. అదీ క్వేకర్ పేరు మీద పెరిగిన బ్యాంకే. ఆ దెబ్బ మీద, కుటుంబంలో భర్తలు పోయిన ఆడవాళ్ళ వాటాలు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. చాలామంది ఇక్కడ ఆ వితంతువుల వల్లే మునిగిందన్నట్టు రాస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. ఆ డబ్బు వాళ్ళది, పిల్లలని పెంచుకోవాలి, మునిగే ఓడలో ఎందుకు ఉంచాలి? 1877లో కంపెనీ దివాలా తీసింది. అందరూ బంధువులే కాబట్టి ఒక ఇల్లు పడితే పక్క ఇళ్ళ గోడలు కూడా కదిలాయి.

ఇప్పుడు క్వేకర్లు కానివాళ్ళ దగ్గరికి వద్దాం. గిన్నెస్ పేరు తెలియని వాళ్ళుండరు (తాగకపోయినా రికార్డుల పుస్తకం ద్వారా తెలుసు, నేను రెండో రకం). వీళ్ళు చర్చ్ ఆఫ్ ఐర్లండ్ వాళ్ళు, కజిన్‌ని చేసుకోవడానికి అడ్డు లేదు. బెంజమిన్ లీ గిన్నెస్ 1837లో తన ఫస్ట్ కజిన్ ఎలిజబెత్ గిన్నెస్‌ని పెళ్ళి చేసుకున్నాడు అని ఇంగ్లీషులో రాసుంటుంది. నేను మొదట ఓ, మేనరికం అనుకుని దాటేశాను. తర్వాత టేబుల్‌లో ఎక్కిస్తుంటే ఇద్దరి ఇంటిపేరూ ఒకటే అని కనిపించింది. ఎలిజబెత్ వాళ్ళ నాన్న ఎడ్వర్డ్, బెంజమిన్ వాళ్ళ నాన్నకి సొంత తమ్ముడు. అంటే బాబాయి కూతురు! మా అమ్మమ్మకి ఫోన్‌లో చెప్తే "ఛీ, చెల్లెలు కదే" అంది. కజిన్ అనే ఒక్క మాట కింద మన మేనమామ కూతురు, మేనత్త కూతురు, బాబాయి కూతురు, పిన్ని కూతురు అందరూ కలిసిపోతారు. మనకి వాళ్ళలో సగం మంది వరసకి మరదళ్ళు, మిగతా సగం అక్కచెల్లెళ్ళు. వాళ్ళకి ఆ తేడా లేదు. డబ్బు లెక్కలో చూస్తే మాత్రం వాళ్ళ పద్ధతికి ఒక అర్థముంది. ఆ బాబాయి ఎడ్వర్డ్ ఇనుప కార్ఖానా పెట్టి 1811లో దివాలా తీసినవాడు. చితికిపోయిన కొమ్మ ఈ పెళ్ళితో మళ్ళీ చెట్టుకి అతుక్కుంది.

వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు చూస్తే కథ మారుతుంది. పెద్దకొడుకు ఆర్థర్ బాంట్రీ ప్రభువు కూతురిని చేసుకున్నాడు. ఇంకో కొడుకు హోత్ ప్రభువు కూతురిని. కూతురు ఆన్ ప్లంకెట్ వంశంలోకి వెళ్ళింది, ఆవిడ భర్త తర్వాత డబ్లిన్ ఆర్చిబిషప్ అయ్యాడు. ఇప్పుడు వీళ్ళకి పెట్టుబడి కోసం పెళ్ళి అవసరం లేదు, హోదా కోసం కావాలి. ఒక్క చిన్నకొడుకు ఎడ్వర్డ్ సెసిల్ మాత్రం 1873లో అడిలేడ్ గిన్నెస్‌ని చేసుకున్నాడు. ఆవిడా గిన్నెస్సే, మూడు తరాల అవతల అన్నదమ్ముల కొమ్మ, అంటే మన లెక్కలో మళ్ళీ చెల్లెలే. (అమ్మమ్మకి ఇది చెప్పలేదు.) 1876లో అన్న వాటా కొనేసి బ్రూవరీ మొత్తం తన చేతిలోకి తెచ్చుకున్నది, 1886లో 60 లక్షల పౌండ్లకి లండన్ స్టాక్ మార్కెట్లో పెట్టింది ఈ ఎడ్వర్డే. షేర్లు అమ్మి డబ్బు తెచ్చుకోగలిగిన రోజున మామగారి అవసరం తీరిపోయింది. క్వేకర్లలో కూడా 1860ల నాటికి వెలి కట్టుబాటు సడలింది.

ఇక విస్కీ. జాన్ జేమ్సన్ స్కాట్లండ్ నుంచి వచ్చినవాడు. 1768లో మార్గరెట్ హేగ్‌ని చేసుకున్నాడు. హేగ్‌లు స్కాట్లండ్‌లో విస్కీ బట్టీల కుటుంబం. మార్గరెట్ వాళ్ళ అమ్మ స్టీన్ కుటుంబం అమ్మాయి, వాళ్ళదీ విస్కీయే. డబ్లిన్ బో స్ట్రీట్ బట్టీ మొదట ఆ స్టీన్‌లదే. జేమ్సన్ అందులో మేనేజర్‌గా చేరి చివరికి సొంతం చేసుకున్నాడు. అతని కొడుకు చిన్న జాన్ మళ్ళీ స్టీన్‌ల అమ్మాయి ఇసబెల్లాని చేసుకున్నాడు. హేగ్, స్టీన్, జేమ్సన్: మూడు నోడ్‌ల త్రికోణం, ఎటు తిరిగినా విస్కీ వాసనే.

జాన్, మార్గరెట్‌లకి 16 మంది పిల్లలు. ఆ సంతానంలో ఆండ్రూ జేమ్సన్ కొమ్మ వెక్స్‌ఫర్డ్ జిల్లా ఎన్నిస్‌కార్తీ దగ్గర స్థిరపడింది. ఆ ఇంట్లో నలుగురు ఆడపిల్లల్లో చివరిది ఆనీ. పాట బాగా పాడేది, లండన్ కావెంట్ గార్డెన్‌లో పాడే అవకాశం కూడా వస్తే ఇంట్లోవాళ్ళు వేదికెక్కడానికి ఒప్పుకోలేదు. బదులుగా సంగీతం నేర్చుకోమని ఇటలీలో బొలోన్యాకి పంపారు. అక్కడ జుసెప్పె మార్కోనీ పరిచయమయ్యాడు. భార్య పోయినవాడు, ఒక కొడుకున్నవాడు, విదేశీయుడు, క్యాథలిక్. ఇంట్లో ససేమిరా అన్నారు. 1864 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని బులోన్‌లో ఆ ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. జేమ్సన్‌ల గ్రాఫ్‌లో ఎవరూ ప్లాన్ చేయని ఎడ్జ్ ఇదొక్కటే.

రెండో కొడుకు గుగ్లియెల్మో 1874లో పుట్టాడు. తీగ లేకుండా సంకేతాలు పంపే పెట్టె చేసుకుని 1896లో అమ్మతో కలిసి లండన్‌కి వచ్చాడు. స్టేషన్‌కి వచ్చి వాళ్ళని దింపుకున్నది హెన్రీ జేమ్సన్ డేవిస్. మధ్య పేరు చూశారు కదా, ఇప్పుడు మీకే తెలిసిపోతుంది: ఆనీ అక్క కొడుకు. మార్కోనీకి పెద్దమ్మ కొడుకు, అన్న. వృత్తి రీత్యా పిండిమరలు కట్టే ఇంజినీరు. పేటెంట్ లాయర్లని చూపించింది, ప్రభుత్వం వాళ్ళు కొనేస్తామని చూస్తుంటే సొంత కంపెనీ పెట్టమన్నది అతనే. 1897 జులైలో లక్ష పౌండ్ల మూలధనంతో వైర్‌లెస్ టెలిగ్రాఫ్ కంపెనీ రిజిస్టర్ అయింది. మొదటి మేనేజింగ్ డైరెక్టర్ డేవిస్. మొదటి వాటాదారుల్లో చాలామంది అతనికి మరల పని ద్వారా తెలిసిన ధాన్యం వ్యాపారులు. రేడియో తరంగాల గురించి వాళ్ళకి ఏం తెలిసుంటుందంటారా? ఏమీ తెలియనక్కర్లేదు. డేవిస్ ఎవరి మనిషో తెలుసు, చాలు.

మరుసటి ఏడాది జులైలో కింగ్స్‌టౌన్ దగ్గర పడవ పందేలు జరిగితే మార్కోనీ ఒక ఆవిరి పడవ మీద నుంచి ఫలితాలని గాలిలోనే ఒడ్డుకి పంపాడు, డబ్లిన్ డైలీ ఎక్స్‌ప్రెస్ వాటిని అదే రోజు అచ్చు వేసింది. 1905లో అతను పెళ్ళి చేసుకున్నది కూడా ఐర్లండ్ అమ్మాయినే: ఇంచిక్విన్ ప్రభువు కూతురు బియాట్రిస్ ఓబ్రైన్. అమ్మ పుట్టింటి దేశం నుంచి కోడలు వచ్చింది, కానీ మార్కోనీ పూర్తి పేరు గుగ్లియెల్మో జొవాన్ని మారియా మార్కోనీలో జేమ్సన్ అన్న మాట ఎక్కడా లేదు. నా డేటాబేస్‌లో ఆ ఒక్క లింకుని చేత్తో టైప్ చేయాల్సి వచ్చింది.